హిల్కా లేని కోత

పోనీ మీరే చెప్పండి. మార్చి నెల. పొలాల మీద మోకాలి లోతు మంచు. ముగ్గురు ఆడవాళ్లం వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతూ, సెప్టెంబరు మూడో వారానికి కోతలు ఎలాగూ అయిపోతాయిలే, అప్పుడు హెల్సింకి వెళ్దాం అనుకుంటే అందులో తప్పేముంది? మా పక్క ఏ ఆడదాన్నడిగినా ఇదే మాట చెబుతుంది. సెప్టెంబరు సగానికల్లా ఓట్స్ కోసి, ఆరబెట్టి, గాదెకెక్కించేస్తాం. ఆ తర్వాత బంగాళాదుంపల పని. రెండు పనుల మధ్యా కాస్త ఊపిరి తీసుకునే సందు ఉంటుంది. ఆ ఊపిరేదో ఈసారి పట్నంలో తీసుకుందామనుకున్నాం. హోటలు గదికి డబ్బు కూడా కట్టేశాం.

ఆ ముగ్గురిలో నేనొకదాన్ని, ఇర్యా అంటారు నన్ను. ఇంకొకతె సోయిలి. మూడోది హిల్కా. ఇది హిల్కా సంగతి.

మా మూడిళ్లకీ కలిపి ఒకటే కోత మిషను. మా ఆయన రెయినో నడుపుతాడు. వంతులవారీగా కోసుకుంటాం. ఈ ఏడు ముందు కోసుకున్నవాళ్లు వచ్చే ఏడు ఆఖరికి వెళ్తారు. ఆకాశం ఎంత భయపెట్టినా సరే, వంతు దాటి ముందు నాకివ్వమని ఎవరూ అడగరు. అడిగితే ఇచ్చేస్తారు, అదీ ఇబ్బంది. ఇక ఆ మాట చచ్చేదాకా మోయాలి.

ఆ ఏడు ఆఖరి వంతు హిల్కా వాళ్లది.

ఆగస్టు అంతా వానే. మా బార్లీ ఎలాగో అయింది. సోయిలి వాళ్లది తడితడిగానే కోశారు. హిల్కా వాళ్ల ఓట్స్ మాత్రం రోడ్డవతల ఏటిదాకా నిలబడే ఉంది. నిలబడి ఉందంటే పేరుకే, సగం చేను పడిపోయింది. ఇంకో వారం తడిస్తే గింజ చేలోనే మొలకెత్తుతుంది.

అదొక్కటే అయితే ఈ సంగతి మీకు చెప్పేదాన్ని కాదు. వాళ్లకిదే ఆఖరి కోత. హిల్కా మొగుడు ఒస్మో నడుం పోయింది. ట్రాక్టరు ఎక్కాలంటే ముందు చక్రం పట్టుకుని కాసేపు నిలబడాల్సి వస్తోంది. పిల్లలకి వేరే పనులున్నాయి, వ్యవసాయం మీద మనసు లేదు. వచ్చే వసంతం నుంచి పొలమూ, డ్రయ్యరూ అన్నీ యాన్నె అనే కుర్రాడికి కౌలుకిచ్చేశారు. మంచివాడే, పెళ్లాం కూడా పనిమంతురాలు. కాగితాల మీద సంతకాలయ్యాయి.

డ్రయ్యరు గురించి చెప్పాలి. మా దేశంలో గింజ ఎండలో ఆరదు. కళ్లంలో పోస్తే బూజు పడుతుంది. ప్రతి ఇంటికీ దొడ్లో ఎత్తుగా ఒక కొట్టం ఉంటుంది. లోపల పొయ్యీ, పెద్ద ఫ్యానూ. పైనుంచి గింజ పోస్తే వేడిగాలి తగిలి ఆరుతూ కిందికి దిగుతుంది. కింద పొయ్యి దగ్గర ఒకరు కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఇంట్లో ఆ పని హిల్కాది. కాపురానికొచ్చిన ఏడే అత్తగారు ఆ పని ఈమెకి అప్పజెప్పింది. వంటిల్లు మాత్రం అప్పజెప్పలేదు. ఆ ముసలామె బతికున్నన్నాళ్లూ హిల్కా తనింట్లో ఒక గిన్నె కూడా తనకి నచ్చిన చోట పెట్టుకోలేదు. డ్రయ్యరులో మాత్రం అంతా ఆమె ఇష్టమే. ఒక పాత కుర్చీ, కాఫీ ఫ్లాస్కు, అల్లిక బుట్ట. గుప్పెడు గింజలు తీసి ఒకటి పంటి కింద నొక్కి చూసి, ఇంకా కాలేదనో అయిందనో చెప్పేది. ఒస్మో కూడా తలుపు దగ్గర నిలబడి, "ఆఫీసులోకి రావచ్చా అమ్మగారూ?" అని అడిగి లోపలికొచ్చేవాడు.

ప్రయాణం రేపనగా ఇంకా జల్లు పడుతూనే ఉంది. నేనూ సోయిలీ వాళ్లింటికి వెళ్లాం. హిల్కా బన్నులు చేస్తోంది. యాలకుల వాసన గుమ్మం దాకా వస్తోంది.

"నేను రాను. మీరిద్దరూ వెళ్లి రండి" అంది, వెనక్కి తిరక్కుండానే.

"ఏం? పట్నంలో ఎవరన్నా ఎత్తుకుపోతారని భయమా?" అంది సోయిలి. "భయపడకు. ఎత్తుకుపోయినవాడు సాయంత్రానికి తెచ్చి దింపేస్తాడు."

"నోర్ముయ్యవే. చేను అలా ఉంటే ఎక్కడికొస్తాను?"

బల్ల దగ్గర ఒస్మో దిండు నడుముకి ఆనించుకుని కూర్చున్నాడు. "నువ్వు ఇక్కడుంటే వాన ఆగుతుందా?" అన్నాడు.

"ఆగితే?"

"ఆగితే కోస్తాం."

"డ్రయ్యరు?"

"డ్రయ్యరు ఎక్కడికీ పారిపోదు కదా. నలభై ఏళ్లనుంచి నువ్వు చేస్తుంటే చూస్తూనే ఉన్నాను."

"చూడ్డం వేరు." హిల్కా చేతులకంటిన పిండి దులుపుకుంది. "ఒస్మో, ఇటు చూడు. ఇదే ఆఖరిది. నేను లేకుండా కోత మొదలెట్టొద్దు. వాన తెరిపిస్తే ఫోన్ చెయ్యి, ఏ బండి దొరికితే ఆ బండి పట్టుకుని వచ్చేస్తాను. చేస్తానంటేనే వెళ్తాను."

ఒస్మో కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "సరే" అన్నాడు.

మావాళ్లు సరే అంటే సరే. రాతకోతలక్కర్లేదు.

మర్నాడు రెయినో మమ్మల్ని సెయినాయోకి అనే ఊరి స్టేషన్లో దింపాడు. అప్పటికీ అద్దాల మీద వాన పడుతూనే ఉంది. రైల్లో సోయిలి తినుబండారాల సంచి విప్పింది. హిల్కా మాత్రం కిటికీకి అతుక్కుపోయింది. వీళ్లు కోసేశారు. వీళ్లు ఇంకా కొయ్యలేదు. అయ్యో, వీళ్ల చేను చూడండి, ఎలా పడిపోయిందో. ఊరు దాటినప్పట్నుంచీ ఇదే మాట.

"తల్లీ, పట్నం చూడ్డానికి వెళ్తున్నావా, పొలాలు కొనడానికా?" అంది సోయిలి. "ఇదిగో, ఈ రొట్టె తిను. నోట్లో ఏదన్నా ఉంటే మాట తగ్గుతుంది."

హెల్సింకిలో దిగేసరికి ఎండ. తళతళలాడే ఎండ. రోడ్ల మీద జనం కోట్లు చేతిమీద వేసుకుని, మొహాలు పైకెత్తి నడుస్తున్నారు. ఆ ఎండ చూసి మొహం చిన్నబోయిన మనిషి ఆ వీధి మొత్తానికీ హిల్కా ఒక్కతే.

"ఇక్కడ ఎండైతే అక్కడా ఎండే ఉండాలని లేదు" అన్నాను.

"లేదనుకో" అంది.

సముద్రం ఒడ్డున బజారుకెళ్లాం. గుడారం కింద బెంచీల మీద కూర్చుని సాల్మన్ చేప సూపు తాగాం, పైన సోయకూర చల్లి, నల్ల రొట్టెతో. సోయిలి చేతిలో మాంసం బన్ను పెట్టుకుని ఓడల గురించి ఏదో ఉపన్యాసమిస్తుంటే సముద్రపు పక్షి ఒకటి వచ్చి బన్ను తన్నుకుపోయింది. చేతిలో కాగితం మిగిలింది. "దొంగముండా! దించెయ్యి!" అని సోయిలి ఆకాశానికేసి అరుస్తుంటే పక్క బల్ల మీద సూటు వేసుకున్న పెద్దమనిషి సూపు ముక్కులోంచి వచ్చేలా నవ్వాడు. ఆ రోజుకి హిల్కా నవ్వింది అప్పుడే.

సాయంత్రం గదికొచ్చాక హిల్కా ఇంటికి ఫోన్ చేసింది. నేను పక్క మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాను. సోయిలి స్నానానికెళ్లింది. హిల్కా ఫోను చెవి నుంచి కాస్త దూరంగా పట్టుకుంటుంది, అందుకని ఒస్మో మాటలు నాకూ వినిపించాయి.

"ఏం చేస్తున్నావు?"

"ఏముంది. కూర్చున్నాను."

"వాన?"

"పడుతూనే ఉంది. ఒకటే జల్లు. నువ్వు హాయిగా తిరుగు. ఏం తిన్నావు?"

"చేప సూపు." ఆమె కళ్లు గోడమీద ఎక్కడో ఒకచోట ఆగిపోయాయి. తర్వాత, "సరే, జాగ్రత్త" అని పెట్టేసింది.

"వానట" అంది నాతో.

"మంచిదే కదా!" అన్నాను నేను, ఒట్టి అమాయకంగా. "ఇంక నిశ్చింతగా ఉండు."

మర్నాడు పొద్దున హోటలు టిఫిను దగ్గర సోయిలి నాలుగు రొట్టెలు రుమాల్లో చుట్టి సంచిలో దాచింది. తర్వాత సముద్రం మీద చిన్న ఓడలో దీవికి వెళ్లి, కోటగోడ పక్కన గడ్డిలో కూర్చున్నాం. సోయిలి బూట్లు విప్పి రెండు నిమిషాల్లో గురక మొదలెట్టింది. హిల్కా గడ్డి పరక ఒకటి కొరుకుతోంది.

"అక్కడ వాన లేదే ఇర్యా" అంది.

"నిన్న ఒస్మోనే చెప్పాడుగా."

"డ్రయ్యరు నడుస్తోంది."

నేను లేచి కూర్చున్నాను. "ఎవరు చెప్పారు?"

"ఫోన్లో వినిపించింది. మా ఇంట్లో సిగ్నలు ఎక్కడొస్తుందో తెలుసుగా. డ్రయ్యరు మెట్ల మీదే. అక్కడ నిలబడి మాట్లాడాడు. వెనక ఫ్యాను మోత. పొయ్యి కూడా మండుతోంది, ఆ మోత వేరు. వాడికి ఆ మోత చెవికెక్కదు. ఇన్నేళ్లు ఆ చప్పుడు కిందే బతికాడు. నాకు వినిపిస్తుందని కూడా తోచలేదు వాడికి. మెట్ల మీద నిలబడి, వాన పడుతోంది, ఊరికే కూర్చున్నాను అంటాడు!"

నాకు నవ్వొచ్చింది, ఆమె మొహం చూసి ఆపుకున్నాను. అప్పుడు ఒక్కొక్కటే తట్టింది నాకు. ముందురోజు నేను రెయినోకి ఫోన్ చేస్తే ఆయన తియ్యలేదు. మిషను మీదుంటే ఎలా తీస్తాడు? మేం రైలెక్కగానే ఆకాశం తెరిపిచ్చి ఉంటుంది. వీళ్లు ఆ మధ్యాహ్నమే చేలో దిగి ఉంటారు.

"మాటిచ్చి ఇదేం పని!" అన్నాను. నాకు ఒళ్లు మండింది. "లే. సాయంత్రం బండికి పోదాం. నేనూ వస్తాను. చేను సగమైనా మిగిలే ఉంటుంది."

హిల్కా లేవలేదు. నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. ఆమె వెళ్తానంటుందనే నేననుకున్నాను. నాకు తెలిసిన హిల్కా అయితే అప్పటికే సంచి భుజానికేసుకుని ఉండాలి.

"గింజ మొలకొచ్చేస్తోంది, ఆగడానికి వీల్లేదు" అంది. "నేనక్కడున్నా కోసెయ్యమనే అనేదాన్ని. అందులో వాడి తప్పు లేదు."

"ఫోన్ చెయ్యాలిగా?"

"చేస్తే నేను పరిగెత్తుకుని వెళ్లేదాన్ని. ఇదిగో, ఈ గడ్డీ, ఈ నీళ్లూ ఏవీ ఉండేవి కాదు. అది వాడికి తెలుసు." చేతిలోని గడ్డి పరక పారేసింది. "వాడెప్పుడూ అబద్ధమాడలేదు ఇర్యా. వాడికి చేతకాదు. ఒకసారి మా ఆవుకి జబ్బు చేస్తే కొనడానికొచ్చిన వాడితో తనే చెప్పేశాడు, జబ్బని. అలాంటివాడు ఆ నడుంతో మెట్లెక్కి నిలబడి ఇంత అబద్ధం మోస్తున్నాడు. ఇప్పుడు నేను వెళ్లి గుమ్మంలో నిలబడితే ఏమైపోతాడు?"

"మరి నీ ఆఖరి కోత?"

హిల్కా మొహం అటు తిప్పుకుంది. నేనూ అటు చూడలేదు. మా దగ్గర ఒకరు ఏడుస్తుంటే పక్కవాళ్లు చూడరు. నేను సోయిలి బూట్లు తీసి వరసగా పెట్టాను.

ఆ సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఫోను చెవికి గట్టిగా నొక్కి పట్టుకుంది. కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని, డ్రయ్యరులో కూర్చునే తీరులోనే మోకాళ్లు దగ్గరపెట్టి కూర్చుంది.

"ఇంకా వానేనా?"

ఒస్మో ఏదో అన్నాడు. జల్లు అనే అనుంటాడు.

"అయ్యో. సరేలే. విను, ఆగినప్పుడు మాట. ఎప్పుడన్నా డ్రయ్యరు పెడితే, పొయ్యి ఆపాక ఫ్యాను మాత్రం ఆపకు. చాలాసేపు తిరగనివ్వు. గింజ చల్లారకుండా గాదెకెక్కిస్తే చెమట పడుతుంది... ఆఁ, నాకు తెలుసు పెట్టలేదని. పెట్టినప్పుడు సంగతి."

తర్వాత మాట్లాడుతూనే ఉంది. హిల్కా ఫోన్లో రెండు ముక్కలు మించి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు పక్షి బన్ను తన్నుకుపోయిన కథ చెప్పింది. దీవి గురించి చెప్పింది. హోటలు పరుపు మెత్తగా ఉండి నడుం నొప్పి పుట్టిందని చెప్పింది. దుకాణంలో చూసి కొనకుండా వచ్చేసిన నీలం రుమాలు గురించి, దాని అంచు గురించి, దాని మీది పువ్వుల గురించి చెప్పింది. మధ్యమధ్యలో మాట ఆపి వినేది. ఒస్మో మాట్లాడనప్పుడు కూడా వింటూనే ఉండేది. సోయిలి తల తుడుచుకుంటూ వచ్చి, "ఏమిటే ఇది, కొత్తగా పెళ్లయినవాళ్లలాగ?" అంది. నేను వేలు నోటిమీద పెట్టుకున్నాను.

చివరికి హిల్కా మొహంలో ఏదో మారింది. "ఆఁ... అంతే. అలా ఉండనీ" అంది మెల్లగా. అవతల ఒస్మో "ఏమిటి ఉండనీ?" అన్నట్టున్నాడు. "ఏం లేదు. పడుకో ఇంక. వాన్లో తిరక్కు" అని పెట్టేసింది.

"పొయ్యి ఆపేశాడు" అంది నాతో. "ఫ్యాను ఆపలేదు."

ఆదివారం స్టేషనుకి ఒస్మో వచ్చాడు. అల్లంత దూరం నుంచే తెలిసిపోతోంది సంగతి. కనుబొమల్లో పొట్టు, చెవుల్లో పొట్టు, కళ్లు ఎర్రగా. స్నానం చేశాడు పాపం, అయినా పోలేదు. ఓట్స్ పొట్టు అంత తొందరగా పోదు. కారులో నేనూ సోయిలీ వెనక కూర్చున్నాం. కారు ఊరు దాటింది.

"నిన్న తెరిపిచ్చింది" అన్నాడు చివరికి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "కోసేశాం."

"మొత్తమా?"

"మొత్తం. రెయినో బాగా చేశాడు."

"తేమ?"

"సరిపోయింది. పద్నాలుగు శాతం."

"మంచిది" అంది హిల్కా.

ఇంకో రెండు ఊళ్లు దాటాక, "కోపమా?" అన్నాడు.

"దేనికి?"

"ఫోన్ చెయ్యలేదని."

"చేస్తే వచ్చేసేదాన్నిగా."

"అందుకే" అన్నాడు ఒస్మో.

అంతే వాళ్ల మాటలు. సోయిలి నా డొక్కలో పొడిచింది, నేను పొడిపించుకున్నాను. ఇల్లు రాగానే హిల్కా సంచి మెట్ల మీద పెట్టి, పట్నం బూట్లతోనే రోడ్డు దాటి చేలోకి వెళ్లింది. ఏటిదాకా కొయ్యకాళ్లు. వాటి మధ్య నడుచుకుంటూ చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చింది. బూట్లు పాడైపోయాయి. ఆ బూట్లు ఈ ప్రయాణం కోసం మేం ముగ్గురం కలిసి ఎంచినవి.

తర్వాత ఒకసారి రగ్గులు నేసేటప్పుడు ఉండబట్టలేక అడిగాను. "నిజం చెప్పు, అప్పుడు వచ్చేస్తే బాగుండేదా?"

మగ్గం ఆపింది. "బాగుండేది" అంది. దాచుకోలేదు. "అక్కడుండాల్సినదాన్ని. ఆ గింజ ఒక్కటైనా నేను కొరికి చూడలేదు." మళ్లీ మగ్గం ఆడించింది. కాసేపటికి, "ఆ సూపు మాత్రం బాగుందే" అంది.

ఆ మోత విన్న సంగతి ఒస్మోకి ఆమె ఈ రోజు వరకూ చెప్పలేదు. నేను రెయినోకి కూడా చెప్పలేదు. ఈ మగాళ్లిద్దరూ మమ్మల్ని భలే బురిడీ కొట్టించామని సౌనా ఆవిరిగదిలో కూర్చుని అప్పుడప్పుడు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

అక్టోబరు చివర్లో యాన్నె డ్రయ్యరు తాళంచెవి అడిగాడు. వచ్చే ఏటికి పొయ్యి మార్చాలి, కొలతలు తీసుకోవాలన్నాడు. ఒస్మో, "హిల్కా దగ్గరుంది, తెచ్చిస్తుందిలే" అన్నాడు. హిల్కా ఆ మధ్యాహ్నమే తాళంచెవి కోటు జేబులో వేసుకుని బయల్దేరింది. యాన్నె వాళ్లింటికి మా ఇంటి మీదుగానే దారి. కాళ్లకి తగిలిన మంచు దులుపుకుని లోపలికొచ్చింది. కాఫీ పోశాను. తాళంచెవి తీసి కప్పు పక్కన బల్ల మీద పెట్టింది. బంగాళాదుంపల గురించి, సోయిలి మోకాలి గురించి, వసంతంలో ఉతకాల్సిన రగ్గుల గురించి మాట్లాడుకున్నాం. రెండో కప్పు కూడా అయింది. బయట చీకటి పడుతోంది.

లేచి కోటు వేసుకుంది. తాళంచెవి తీసి మళ్లీ జేబులో వేసుకుంది. గేటు దగ్గర నిలబడి యాన్నె వాళ్లింటి దీపాల వైపు చూసింది. తర్వాత ఇటు తిరిగి, వచ్చిన దారినే ఇంటికి వెళ్లిపోయింది.

యాన్నె మళ్లీ అడగలేదు, మొహమాటస్తుడు. నేను గుర్తు చెయ్యలేదు.